వెనక ఎవరూ లేని బండి

ఆసుపత్రి డ్రైవర్లు అతన్ని నత్త అనేవారు. మొదట్లో చాటుగా, తరువాత మొహం మీదే. అతనూ ఏమీ అనుకోకుండా పలికేవాడు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి నెరిసేదాకా మార్చురీ వ్యాను నడిపిన మనిషి. అంబులెన్సు వాళ్ళకు తొందర. అతనికి తొందర ఏముంది?

వ్యానులో వెనక పొడుగాటి రేకు పెట్టె, దాని పక్కన ఒక బల్ల. బల్ల మీద చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు కూర్చునేవారు. బ్రేకు గట్టిగా వేస్తే పెట్టె కదిలేది. పెట్టె కదిలితే లోపలున్నదీ కదిలేది. ఆ చప్పుడు విన్న ఒకావిడ మొహం, పనిలో చేరిన కొత్తలో, అద్దంలో చూశాడు. అప్పటి నుంచి అతని కాలు మారిపోయింది. సిగ్నలు ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటరు వదిలేసేవాడు. బ్రేకు మీద పాదం ఆనించేవాడు, అంతే. బండి ఎప్పుడు ఆగిందో లోపలివాళ్ళకు తెలిసేది కాదు.

ఆసుపత్రి వాళ్ళు వ్యాన్ల పని బయటి కంపెనీకి అప్పగించారు. కంపెనీకి తన డ్రైవర్లు తనకున్నారు. ఇతను ఇంట్లో కూర్చున్నాడు.

కూర్చుని, ఇంట్లో విరిగిన కుర్చీలన్నీ బాగుచేశాడు. బాగున్న కుర్చీని కూడా విప్పడం మొదలుపెట్టిన రోజున భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావని ఎక్కడైనా పనిలో పెట్టరా. లేకపోతే నన్ను కూడా విప్పి బిగించేలా ఉన్నారు."

బావమరిది స్పోర్ట్స్ కార్ల షోరూములో కార్లు కడుగుతాడు. అక్కడ ఒక డ్రైవరు కావాలి. అమ్మిన కారును కొన్నవాళ్ళ ఇంటికి చేర్చాలి, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూపించాలి. మేనేజరు ఒక్కటే అడిగాడు, నీ చేతిలో ఏ బండికైనా గీత పడిందా అని. లేదన్నాడు. అది నిజం. అయితే ఆ కార్లు ముట్టుకోవాలంటే ముందు ఆ కార్ల కంపెనీ డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, అక్కడి టీచరు సంతకం తెచ్చుకోవాలి. సంతకం లేకపోతే ఉద్యోగం లేదు.

"నీకు తెలియని డ్రైవింగా బావా," అన్నాడు బావమరిది. "కాకపోతే వీటికి రెండో గేరు తరవాత కూడా గేర్లుంటాయి."

"నోరు ముయ్యరా," అంది అక్క, నవ్వాపుకుంటూ.

స్కూలు ఊరి బయట, విమానాలు దిగడం మానేసిన ఒక రన్‌వే మీద ఉంది. నేర్పే ఆమెకు ముప్పై దాటి ఉండవు. పొట్టి జుట్టు, ఎండకు కమిలిన ముక్కు. ఒకప్పుడు రేసుల్లో నడిపేదట. ముందు కూర్చోవడం నేర్పింది. సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంది. అతను తల ముందు దూర్చబోయి నెత్తి కొట్టుకున్నాడు.

"ముందు నడుము, తరవాత కాళ్ళు. మంచం మీద కూర్చున్నట్టు, బాబాయ్."

"మా మంచం ఇంత కిందకి ఉండదు మేడమ్."

వీపు సీటుకు పూర్తిగా ఆనాలి. చేయి చాస్తే మణికట్టు స్టీరింగు పైన పడాలి. పెడలు అడుగుదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. ఇంజను వీపు వెనకే ఉంది. స్టార్టు చేయగానే అతనికి పక్కటెముకల్లో తెలిసింది.

మలుపులు సులువుగా వచ్చాయి. నారింజ రంగు కోన్ల మధ్య నుంచి కారును దారం లాగినట్టు తీసుకెళ్ళాడు. ఎక్కడా కుదుపు లేదు. ఆమె రోడ్డు వదిలి అతని చేతులు చూసింది.

"ఇంత మెత్తటి చేతులు ఎక్కడివి బాబాయ్?"

"మార్చురీలో వచ్చాయి."

హాస్యమనుకుని ఆమె గట్టిగా నవ్వింది.

బ్రేకు దగ్గర చిక్కుపడింది. పాఠం చిన్నదే. కారును వేగంగా తీసుకురావాలి. రెండు కోన్లు రాగానే ఒంట్లో బలమంతా కాలిలోకి తెచ్చి బ్రేకు తొక్కాలి. ముందున్న తెల్ల గీత దాటకుండా ఆగాలి. పెడలు కాలి కింద గడగడలాడుతుంది. అది కారు తన పని తాను చేసుకుంటున్న చప్పుడు. భయపడి వదలకూడదు.

అతను తొక్కలేదు, ఆనించాడు. కారు మర్యాదగా గీత దాటి, చాలా దూరం పోయి ఆగింది.

"ఎక్కడికి బాబాయ్?"

"ఆపాను కదా మేడమ్."

"ఆపారు. గీత దగ్గర మనిషి ఉంటే, వాడి మీద నుంచి వెళ్ళి ఆపారు."

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే. తొక్కాలని అతనికి తెలుసు. కాలు లేస్తుంది, పెడలు దాకా వెళుతుంది, అక్కడ మెత్తబడుతుంది. ఒకసారి గడగడ దాకా తొక్కాడు. చప్పుడు వినగానే కాలు దానంతటదే వెనక్కి వచ్చేసింది. కోన్లు దగ్గర పడినప్పుడల్లా అతని చూపు అద్దంలోకి పోవడం ఆమె కనిపెట్టింది.

"ఏం చూస్తున్నారందులో?"

"వెనక..."

"వెనక ఇంజనుంది. సీటు కూడా లేదు."

అప్పుడు చెప్పాడు. పెట్టె, బల్ల, ఆ చప్పుడు. ఎక్కువ మాటలు పట్టలేదు. ఆమె ఈసారి నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు.

"అర్థమైంది. కానీ ఎవరో అడ్డం వస్తారు, పక్కన కారు కొన్నాయన ఉంటాడు, మీరు ఇలా ఆనించి ఊరుకుంటే ఇద్దరూ పోతారు. రేపు పొద్దున ఆఖరిసారి చూస్తాను. రాకపోతే సంతకం పెట్టను. ఆ తరవాత ఎంత తిట్టుకుంటారో మీ ఇష్టం."

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "బ్రేకు పడటం లేదు," అన్నాడు.

"కారుకా, మీకా?" అంది భార్య.

"నాకే."

"నేను కేకేస్తే ఠక్కున ఆగిపోతారుగా. నన్ను గీత దగ్గర నిలబెట్టమనండి."

"వద్దక్కా," అన్నాడు కబురు తెలుసుకుందామని వచ్చిన తమ్ముడు. "అప్పుడు అసలే ఆపడు."

ముగ్గురూ నవ్వారు. అతను అందరికంటే ముందు ఆపేశాడు. భార్య అది చూసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పొద్దున టీచరు అతనికి స్టీరింగు ఇవ్వలేదు.

"మీరు ఇటు కూర్చోండి."

తను నడిపింది. రన్‌వే పక్కన గడ్డి ఒకే గీతలా కలిసిపోయింది. కోన్లు వచ్చాయి. ఆమె తొక్కింది. బెల్టు అతని ఛాతీని వెనక్కి గుంజింది. కారు ఆగింది. గీత ఇంకా ముందే ఉంది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"ఎందుకు తగల్లేదు?"

అతను చూసుకున్నాడు. కుడిచేయి సీటు అంచును బిగించి పట్టుకుంది. రెండు పాదాలూ నేలను తన్నిపెట్టి ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

"పట్టుకున్నాను," అన్నాడు.

"అంతే బాబాయ్. బతికున్నవాళ్ళు పట్టుకుంటారు."

అతను సీటు అంచు వదిలాడు. తరువాత సీట్లు మారారు.

కారు వేగం అందుకుంది. కోన్లు దగ్గర పడ్డాయి. చూపు అలవాటుగా అద్దంలోకి వెళ్ళింది. ఇంజను మూత కనబడింది, దాని అవతల ఖాళీ రన్‌వే. తొక్కాడు. పెడలు కాలి కింద గడగడలాడింది. పళ్ళు బిగించి అలాగే పట్టాడు. ఆమె ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా ఎగిరి కాళ్ళ దగ్గర పడింది. కారు గీతకు ఇవతలే ఆగింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు."

"మెడ?"

"బాగుంది."

"బెల్టు ఒరుసుకుందేమో, ఒకసారి చూసుకో—"

"ఇంకోసారి అడిగితే సంతకం పెట్టను."

అతని కాలు ఇంకా బలమంతా పెట్టి బ్రేకు తొక్కుతూనే ఉంది.

"ఇక వదలొచ్చు బాబాయ్. ఆగి చాలాసేపైంది."

వదిలాడు.

ఒకసారి ఎవరైనా ఆపుతారని చెప్పి, టైర్లు కాలిన వాసన వచ్చేదాకా ఆమె అతని చేత మళ్ళీ మళ్ళీ ఆపించింది. మధ్యాహ్నం కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసింది. మలుపుల దగ్గర చాలా బాగు అని రాసింది. బ్రేకు దగ్గర కాసేపు ఆలోచించి, వేస్తారు, అని రాసింది.