బొట్టు పెట్టిన గిటార్

దసరాకు మా ఇంట్లో బొట్టు పడని వస్తువంటూ ఉండదు. కారుకు, లాప్‌టాప్‌లకు, మిక్సీకి, చివరికి వైఫై డబ్బాకు కూడా పెడతారు మా మామయ్యగారు. ఆ ఏడాది వాటి మధ్య పీట మీద ఒక కొత్త గిటార్ నిలబడింది. ఆయన దాని చెక్కకు వేళ్ళతో గంధం పూసి, పైన కుంకుమ అద్దారు. "ఇది మా మనవరాలి సరస్వతమ్మా" అన్నారు. ఎనిమిదేళ్ళ మా పాప పక్కన నిలబడితే ఆ గిటార్ దాని భుజం దాకా వచ్చింది.

పాప అప్పుడే కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక గిటార్ క్లాసులో చేరింది. మొదట్లో చప్పట్లతో తాళమే నేర్పారు. ఏ సైజు కొనాలో చూసి చెప్తాను, తొందరపడొద్దని మాస్టారు ముందే అన్నాడు. మామయ్యగారు ఆగితేనా! పండగకు ముందే షాపుకు వెళ్ళి, పెద్దవాళ్ళు వాయించేది తెచ్చేశారు.

"ఎదిగే పిల్లమ్మా. ఏడాదికొకటి మారుస్తామేంటి? స్కూలు గౌన్లు మడత పెట్టి కుట్టించట్లేదూ?" అన్నారు.

గిటార్‌కు మడత ఎక్కడ పెట్టాలో అడగాలని నోటిదాకా వచ్చింది. పండగ పూట ఎందుకని ఊరుకున్నాను.

పండగ తర్వాత క్లాసులో మాస్టారు పాపను కుర్చీలో కూర్చోబెట్టి, గిటార్ ఒళ్ళో పెట్టి, తల పట్టుకున్నాడు. "మేడమ్, జర చూడుండ్రి. కుడి చెయ్యి మీదికెళ్ళి వస్తలేదు. భుజం చెవి దాకా లేస్తుంది. ఎడమ చెయ్యి గిటార్ మెడ మీది ఆ చివరి మెట్టుకు అందుతనే లేదు. పాపకు దీంట్ల సగం సైజుది కావాలె. మార్చెయ్యండి."

అటు నుంచి అటే పాపతో షాపుకు వెళ్ళాను. షాపతను చెక్క మీది పసుపుపచ్చ మరక వేలితో రుద్ది చూశాడు. "గంధం లోపలికి దిగింది మేడమ్. బొట్టు పెట్టిన పీసు వాపస్ తీసుకోం" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పగానే మామయ్యగారి ముఖం నల్లబడింది.

"పూజ చేసిన వస్తువుని అంగడికి మోసుకెళ్ళావా?"

"చిన్నది ఇంకోటి కొందాం మామయ్యా. ఇది ఉంటది, పిల్ల పెద్దగయినంక వాయిస్తది."

"అంటే నేను తెచ్చింది అటకెక్కిస్తావన్నమాట. సాధన చేస్తే అదే అలవాటవుతుంది. ఈ పిల్లకు ఓపిక లేదు, అదీ సంగతి."

మా ఆయన వైపు చూశాను. అప్పటికే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, లేని మీటింగులో తల ఊపుతున్నాడు.

ఇక రోజూ సాయంత్రం అదే తంతు. మామయ్యగారు టీవీ కట్టేసి, సోఫాలో నిటారుగా కూర్చునేవారు. ఎదురుగా కుర్చీలో పాప. గిటార్ వెనక నుంచి దాని కళ్ళు మాత్రమే కనిపించేవి. వేలు సాగదీసి తీగ నొక్కేది. మోగేది కాదు, టక్కుమని చచ్చు చప్పుడు వచ్చేది. "మళ్ళీ" అనేవారాయన. మళ్ళీ టక్కు. "ఊఁ, మళ్ళీ." వంటింట్లో నాకు గరిటె చేతిలో నిలిచేది కాదు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కూర బాగుందని కూడా ఎవరూ అనడం లేదు.

ఒకరోజు పాపకు స్నానం చేయిస్తుంటే కుడి చంక కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి కనిపించింది. నీళ్ళు తగలగానే కెవ్వుమంది.

"ఏందే ఇది? ఎన్నిరోజుల సంది?"

"తాతయ్యకు చెప్పకమ్మా."

"ఎందుకు చెప్పొద్దే?"

"క్లాసుల అందరికీ వస్తది, నాకే వస్తలేదు. నాకు మ్యూజిక్ రాదమ్మా. నాకు బుర్ర లేదు."

ఏడవకుండా, తన పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. పిల్ల గిటార్ మానేస్తే మానేసింది, ఈ మాట నమ్ముకుని పెరిగితే ఏం కాను?

తువ్వాలు చుట్టి అలాగే హాల్లోకి తెచ్చి, దాని చెయ్యి ఎత్తి చూపించాను. "చూడుండ్రి మామయ్యా. ఇది ఓపిక లేని పిల్లనా? చెప్పులేసుకోండ్రి, షాపుకు పోదాం. ఇది చూసినంక కూడా మీరు వద్దంటే ఇగ నేను నోరెత్తను."

ఆయన ఆ ఎర్రటి చోటును చాలాసేపు చూశారు. లేచి చొక్కా వేసుకున్నారు. నేను పాపకు గౌను తొడిగాను.

ఆఫీసులు వదిలే వేళ. కొత్తగూడ చౌరస్తాలో ఆటో కదలదు. ముగ్గురమూ అందులో ఇరుక్కుని కూర్చున్నాం.

షాపతను చిన్న గిటార్ తీసి పాప ముందు పెట్టాడు. పాప రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. తాతయ్య వైపు చూసింది. ఆయన గోడకున్న గిటార్లను చూస్తున్నారు. ఇప్పుడు ఈయన కాదంటే ఇది జన్మలో మళ్ళీ తీగ ముట్టుకోదని నాకు తెలుసు.

ఆయన వంగి, స్టూలు తనే ముందుకు జరిపారు. "కూర్చో తల్లీ."

కూర్చుంది. కుడి చెయ్యి తేలిగ్గా పైనుంచి వాలింది, భుజం లేవలేదు. ఎడమ చెయ్యి చివరి మెట్టు దాకా వెళ్ళింది. వేలు నొక్కి మీటింది. ఖంగున మోగింది. ఇంకోసారి మీటింది. ఇంకోసారి. అన్నిసార్లూ మోగింది.

నవ్వుతుందనుకున్నాను. దాని కళ్ళ నిండా నీళ్ళు. "నాకు వస్తది కదా! మరి ఓపిక లేదని ఎందుకన్నవ్ తాతయ్యా?" అని షాపంతా వినపడేలా అరిచింది.

మామయ్యగారు అన్న మాట వెనక్కి తీసుకోగా నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు వచ్చమ్మా. నాకే తెలియలేదు. తప్పు నాదే" అన్నారు.

ఇంటికి రాగానే కొత్త గిటార్‌ను దేవుడి ముందు పెట్టమని, కుంకుమ భరిణె తీశారు. వేలు ముంచి వంగేసరికి పాప ఉరికొచ్చి గిటార్‌ను కావలించుకుంది.

"వద్దు తాతయ్యా! బొట్టు పెడితే షాపోళ్ళు తీసుకోరు. నా చెయ్యి పెద్దగయితే మార్చుకోవాలె."

ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ గొడవ మొదలవుతుందనుకున్నాను. పూజ ఆపితే ఒప్పుకునే మనిషి కాదాయన.

ఆయన వేలు ఇటు తిప్పి, ఆ బొట్టు పాప నుదుట పెట్టారు.