రత్నమాణిక్యం గారి చేతి తూకం

మా ఇంటి ఓనరు రత్నమాణిక్యం గారు ఇంటికొచ్చిన మనిషిని ఎత్తి చూస్తారు. ఎత్తడమంటే నిజంగా ఎత్తడమే. ముందు మంచినీళ్ళు ఇస్తారు. గ్లాసు కింద పెట్టగానే నడుం చుట్టూ చేతులు వేసి, నేల మీంచి జానెడు లేపి, "మీరు యాభై ఎనిమిదండి" అని ప్రకటించి దింపుతారు. ఆ తర్వాతే కాఫీ. ఆడవాళ్ళనీ, పిల్లల్నీ, సొంత మొగుణ్ణీ తప్ప ఎవరినీ ముట్టరు. పరాయి మగవాళ్ళని కంటితోనే తూచేసి ఊరుకుంటారు.

రాజమండ్రిలో వాళ్ళ మేడ మీది వాటాలో మేం అద్దెకుంటాం. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను, మా పాప శ్రీదుర్గకి ఏడాది నిండింది. ఈ రెండూ కలిస్తే మనిషికి నిద్ర ఉండదు. పాప గ్రోత్ చార్టులో కింది గీతనే పట్టుకుని పాకుతోందని ఒక బెంగ, కాన్పు తర్వాత నా బరువు దిగడం లేదని ఇంకో బెంగ. వంటింటి కాటా మీద దాన్నీ, హాల్లో మిషను మీద నన్నూ రోజూ తూచేదాన్ని. రత్నమాణిక్యం గారు పాపని ఒకసారి గాల్లోకి లేపి, "పెరిగిందండి. మీ కాటాకి తెలీదు, నా చేతికి తెలుసు" అనేవారు. ఆ పూట కాస్త అన్నం సయించేది.

కింద హాల్లో మంచం మీద వాళ్ళ అత్తగారు చిట్టెమ్మ గారు ఉంటారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఆవిడకి ద్రాక్షారామం భీమేశ్వరుడంటే ప్రాణం. అక్కడ స్వామి రెండంతస్తుల ఎత్తు. కింద నిలబడితే సగమే కనిపిస్తాడు, శిరస్సు చూడాలంటే ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్ళాలి. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ప్రతి కార్తీకమాసం ఎక్కిన మనిషి. కొడుకు సూర్యరాజు గారికి నడుంలో డిస్కు జరిగింది, మోయలేరు. పోయినేడు ఎవరో ఇద్దరు మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తితే, కుర్చీ మెట్ల మలుపులో ఇరుక్కుంది. వెనక జనం, ముందు జనం, "అటు లాగండి, ఇటు వంచండి" అని కేకలు. చివరికి ధాన్యం బస్తాని దింపినట్టు దింపేశారు.

"పరాయి మగాళ్ళ చేతుల మీద ఇంకెప్పుడూ వెళ్ళను. పై దర్శనం ఇక నాకు లేదు" అని చిట్టెమ్మ గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆ శీతాకాలంలోనే రత్నమాణిక్యం గారు ఒకరోజు మేడెక్కి వచ్చారు.

"పావనిగారూ, దానవాయిపేటలో గొట్టం క్లాసు పెట్టారంటండి. వస్తారా?"

"గొట్టం క్లాసేంటండి పిన్నిగారూ?"

"నిలువుగా స్టీలు గొట్టం ఉంటదండి. పట్టుకుని ఎక్కాలి, వేలాడాలి, తలకిందులవ్వాలి. పోల్ ఫిట్‌నెస్ అంటారంట."

"మీకెందుకండీ ఇప్పుడు?"

"గ్యాస్ సిలిండరు ఎత్తలేకపోతున్నానండి."

వాళ్ళింట్లో సిలిండరు ఎత్తడానికి మనిషి ఉన్నాడు. మర్నాడు పక్కింటావిడ అడిగితే ఆవకాయ జాడీ కోసం అన్నారు. మొగుడు అడిగితే, "మిమ్మల్ని ఎత్తడానికండి" అన్నారు. సూర్యరాజు గారు మళ్ళీ ఎవరినీ ఏమీ అడగలేదు. నేను బరువు తగ్గొచ్చన్న ఆశతో వెంట వెళ్ళాను.

నేర్పే అమ్మాయి తబిత బెంగళూరులో నేర్చుకుని వచ్చింది. గొట్టానికి ఒంటి చర్మం ఆనితేనే పట్టు దొరుకుతుందని, పొట్టి నిక్కర్లు తప్పవని చెప్పింది. రత్నమాణిక్యం గారు పట్టుచీరలో ఆటో దిగి, లోపలికెళ్ళి, సూర్యరాజు గారి నిక్కరుతో బయటికొచ్చారు. మొదటి రోజు ఆరేసిన తువ్వాలులా వేలాడి దిగారు. రెండో రోజు ఒళ్ళు నొప్పులు. నొప్పులకి మనవాళ్ళు ఏం చేస్తారో అదే చేశారు. ఒళ్ళంతా నువ్వుల నూనె మర్దనా చేయించుకుని క్లాసుకొచ్చారు. గొట్టం పట్టుకున్నారు, సర్రున కింద కూర్చున్నారు. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు.

"ఆంటీ, ఒంటికి ఏమైనా రాశారా?"

"గానుగ నూనేనమ్మా. కల్తీ లేదు."

ఆ రోజు క్లాసంతా గొట్టాలు తుడవడంతోనే సరిపోయింది.

రెండు వారాలకి ఆవిడ చేతుల మీదా పిక్కల మీదా నల్లగా కమిలిన మచ్చలు తేలాయి. గొట్టం బిగించి పట్టుకుంటే మొదట్లో అందరికీ అంతే. ఎవరు చూసి చెప్పారో ఏమో, భీమవరం నుంచి అన్నగారు భీమరాజు గారు కారులో దిగారు. కాఫీ ముట్టలేదు.

"బావగారూ, మీతో ఒక మాట మాట్లాడాలండి. మా చెల్లెమ్మ ఒంటి మీద ఆ దెబ్బలేంటండి?"

సూర్యరాజు గారు నోరు తెరిచేలోపు రత్నమాణిక్యం గారు వెనక నుంచి వచ్చి, ఆయన్ని ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టారు.

"ఈయన నన్ను కొట్టడమేంటి అన్నయ్యా! కాఫీ తాగు."

భీమరాజు గారు బావగారి వంక జాలిగా చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

నెల తిరిగేసరికి మిషను మీద నేను కిలోన్నర పెరిగాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. రత్నమాణిక్యం గారు రెండు కిలోలు పెరిగి వీధంతా పూతరేకులు పంచారు.

"కొత్తగా కసరత్తు మొదలెడితే కండరాలు నీళ్ళు పట్టి ఉంచుకుంటాయండి. ఆ తర్వాత కండ పెరుగుతుంది. కొవ్వు కంటే కండ చిక్కన, అదే చోటులో ఎక్కువ బరువు తూగుతుంది. అందుకే నడుం సన్నబడినా ముల్లు పైకే వెళ్తుంది" అని ముక్కు చీదుతూ చెప్పాను.

"ఇన్ని తెలిసినోరు మరి ఏడుస్తారేంటండి?"

నేను ముఖం తుడుచుకుని పూతరేకు అందుకున్నాను.

"తగ్గే క్లాసుకెళ్ళి పెరిగొచ్చినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను మాణిక్యం" అన్నారు మంచం మీంచి చిట్టెమ్మ గారు.

"మీ దీవెనండి అత్తయ్యగారూ."

టైలరు అచ్చిబాబు ఆవిడ జాకెట్లు ముందేసుకుని బుర్ర గోక్కున్నాడు. "చేతులు వదులు చెయ్యమంటారు, నడుం బిగించమంటారు. ఒక్క మనిషేనాండి, ఇద్దరి కొలతలు కలిసిపోయాయా?"

నవ్వులాటలా చెప్తున్నాను గాని ఆవిడ పట్టుదల చూస్తే భయమేసేది. అరచేతులు కాయలు కాశాయి. తలకిందులయ్యే దగ్గర వారాల తరబడి ఆగిపోయారు. కాళ్ళు లేస్తాయి, నడుం లేవదు. పడతారు, చేతులు తుడుచుకుంటారు, మళ్ళీ పట్టుకుంటారు. "ఇవాళ కాకపోతే రేపండి. గొట్టం ఎక్కడికీ పోదు కదా" అనేవారు. ఈ వయసులో కీళ్ళకేమవుతుందోనని నేను గూగుల్లో వెతికి చదివి వినిపిస్తుంటే, తలకిందులుగా వేలాడుతూనే "చదవండి, వింటున్నాను" అన్నారు ఒకరోజు. అప్పుడు చూసుకున్నాం, ఆవిడ తలకిందులయ్యారని!

మనుషుల్ని ఎత్తడం ముదిరింది అప్పుడే. ముందు మా పాప, తర్వాత బడికెళ్ళే పిల్లలు, తర్వాత పనిమనిషి. అలా అలా నా దగ్గరికొచ్చి ఆగారు. నేను పాపతో బజారు నుంచి రాగానే గేటు దగ్గర కాసుకుని ఉండేవారు.

"అలిసిపోయారు. పాపని మీ బాబాయిగారికిచ్చి, నా వీపు మీద ఎక్కండి."

"వద్దండి పిన్నిగారూ!"

వినేవారు కాదు. నేను జారకుండా పాత ఉప్పాడ చీరతో వీపుకి కట్టేసుకుని మేడ మెట్లన్నీ ఎక్కించేవారు. మలుపు దగ్గర ఆగి, ఒకసారి పక్కకి తిరిగి, మళ్ళీ ఎక్కేవారు. పసిపిల్ల తల్లి మీద ఎంత జాలో అనుకున్నాను. విచిత్రమేంటంటే నేను డైటింగ్ అన్నానంటే మాత్రం ఆవిడ ముఖం పాలిపోయేది. సాయంత్రానికల్లా గిన్నెడు నెయ్యి మేడెక్కి వచ్చేది. "తగ్గకండమ్మా, దండం పెడతాను."

మళ్ళీ కార్తీకం వచ్చింది. కింది దర్శనమైనా చేసుకుందామని చిట్టెమ్మ గారిని బతిమాలి బయల్దేరదీశారు. నన్నూ పాపనీ కూడా రమ్మన్నారు. మండపేటలో బియ్యం లారీల వెనక ఇరుక్కుని, ఎండెక్కాక ద్రాక్షారామం చేరాం. చక్రాల కుర్చీ పైకెళ్ళే మెట్ల మొదట్లో ఆగింది. చిట్టెమ్మ గారు ఆ మెట్ల వంక చూసి ముఖం తిప్పుకున్నారు.

రత్నమాణిక్యం గారు కొంగు దోపి, కుర్చీ ముందు వంగి కూర్చున్నారు.

"ఎక్కండి అత్తయ్యగారూ."

"ఏంటిది మాణిక్యం? పడేస్తావు నన్ను!"

"పావనిగారిని అడగండి. వేసవి నుంచి మోస్తున్నాను, ఒక్కసారైనా పడేశానేమో."

అప్పుడర్థమైంది నాకు. "పిన్నిగారూ... అంటే నన్ను..."

"మీరూ ఆవిడా సరిగ్గా ఒకటే తూకమండి" అన్నారు, సంచిలోంచి అదే ఉప్పాడ చీర తీస్తూ. "అందుకే మీరు తగ్గుతానంటే నా గుండె ఆగిపోయేది."

కట్టుకున్నారు, లేచారు, ఎక్కారు. కుర్చీ ఇరుక్కున్న మలుపు దగ్గర ఆగారు. వెనక నుంచి ఎవరో "జరగండమ్మా" అని విసుక్కుంటే, "స్వామి ఎక్కడికీ పోరండి, కాస్త ఆగండి" అని, ఒకసారి పక్కకి తిరిగి, పైకి ఎక్కేశారు. ఆ తిరగడం నాకు బాగా తెలుసు. మా మేడ మలుపులోదే.

పైన చిట్టెమ్మ గారు కోడలి భుజం మీద గడ్డం ఆనించి స్వామి శిరస్సుని చూశారు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకున్నారు. చేతులు దించి అన్నారు:

"మాణిక్యం, నీ భుజం రాయిలా ఉందే. నా గడ్డం నొప్పెట్టింది."

"మీ దీవెనండి."

తిరిగొచ్చేటప్పుడు కారులో చిట్టెమ్మ గారు పులిహోర రెండుసార్లు అడిగి తిన్నారు. ఏడాదిగా అంత తినడం లేదావిడ. చెయ్యి కడుక్కుంటూ, "సామర్లకోటలో కూడా స్వామి రెండంతస్తులే కదూ?" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరినీ అడగనట్టు.

రత్నమాణిక్యం గారు అత్తగారి వంక చూశారు. ఖాళీ అయిన విస్తరి వంక చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, మిగిలిన పులిహోర డబ్బా మొత్తం నా ఒళ్ళో పెట్టారు.

"తినండి పావనిగారూ. ఆవిడ పెరిగేటట్టున్నారు. మీరూ పెరగాలి."

నేను మూత తీశాను.