ఎనిమిది ఎలుకలకు ఒకే బంతి

1968 ఆగస్టు 12, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు విజయనగరంలో మా కాలేజీ ఫిజియాలజీ ల్యాబ్‌లో మొదటి ఎలుక మీట నొక్కింది. నేనప్పుడు అక్కడ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఆ ప్రయోగం తేలితేనే నాకు రీసెర్చ్ డిగ్రీ. మార్ఫిన్‌కు పర్మిట్ ఒక్కసారికే ఇచ్చారు.

ఎలుక మెడ సిరలోకి సన్నని గొట్టం ఉంటుంది. బోనులోని లీవర్‌ను, అంటే మీటను, అది నొక్కితే కాస్త మార్ఫిన్ ఒంట్లోకి వెళుతుంది, పైనున్న కౌంటర్‌లో ఒక అంకె పెరుగుతుంది. మరిగిన ఎలుక తిండి కూడా మరిచి నొక్కుతూనే ఉంటుంది. అలా నొక్కించేది మెదడులో సుఖాన్నిచ్చే భాగం, రివార్డ్ ఏరియానేనా అన్నది నా ప్రశ్న. అందుకే ఎనిమిదింటిలో నాలుగింటికి ఆ భాగాన్ని ముందే కరెంటుతో కాల్చాను. అవి నొక్కడం తగ్గించాలి.

తగ్గించలేదు. ఆగస్టు 28న కాల్చని ఎలుకల కౌంటర్లలో 61, 58, 63, 60. కాల్చినవాటివి 60, 60, 61, 61. రెండు మొత్తాలూ 242. మూడుసార్లు కూడి చూశాను. ఎలుకలు ఇంత పద్ధతిగా ఉంటాయా అని ఒళ్లు మండింది.

మర్నాడు ప్రాక్టికల్ క్లాసు తొందరగా ముగించి పదకొండున్నరకు ల్యాబ్‌కు వచ్చాను. మా ఆయా అప్పలనరసమ్మ ఒక కాల్చిన ఎలుక బోను ఊచల్లోంచి వేలు పెట్టి మీట నొక్కుతోంది.

"ఏమిటిది!"

"అరవకండమ్మా, బెదిరిపోతాయి. ఈ నాలుగూ ఏటో నీరసంగా ఉన్నాయి, మీట సరిగా నొక్కడం నేదు. సాయం సేస్తన్నాను."

"ఎన్నాళ్లుగా?"

"మొదట్నుంచీ. ఒకే బంతిలో కూకోబెట్టి నలుగురికి ఎట్టి, నలుగురికి మానేస్తే ఏటి బాగుంటాది? ఆ నాలుగింటి అంకెలూ కూడి, ఈ నాలుగింటికీ సమానంగా పంచుతన్నాను. కూడికలు నాకొచ్చులెండి."

"అదేమైనా అన్నమా? మార్ఫిన్!"

"ఎనిమిదింటినీ ఒక్కలాగే సూడమని మీరే కదమ్మా సెప్పినారు?"

చెప్పాను. తిండీ నీళ్లూ గడ్డీ గురించి. మీట ముట్టుకోవద్దని చెప్పాలని నాకు తట్టలేదు.

నేను లెక్కల పుస్తకం తీసి అంకెలన్నీ కొట్టేశాను. ఆమె జాలిగా అడిగింది: "పోనీ, రేపట్నుంచి తగ్గించీమంటారా?"

అలవాటు పడ్డ ఎలుకలు మళ్లీ మొదలుపెట్టడానికి పనికిరావు. కొత్తవాటికి మార్ఫిన్ లేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ తర్వాత ఏ కౌంటర్‌నూ నేను ఒంటరిగా వదల్లేదు. ఎన్నిసార్లు నొక్కారో అది చెబుతుంది, ఎవరు నొక్కారో చెప్పదు.

పోయినవి: ఆపరేషన్లకు పట్టిన వారాలు అయిదు. ప్రయోగం రోజులు పద్దెనిమిది. ఎలుకలు ఎనిమిది. డిగ్రీ ఒకటి.