కొత్త షాఫ్టుకు పాత టాపెట్లు

ఆ మెకానిక్‌కు షెడ్డులో అందరూ పెట్టిన పేరు నిదానం మేస్త్రి. ఒక్క బోల్టు బిగించడానికి రెండుసార్లు ఆలోచించే మనిషి. అలాంటివాడు ఒకే ఒక్కసారి తొందరపడ్డాడు. ఆ తొందర మూడు నెలలు తిరక్కుండానే లారీ రూపంలో వచ్చి షెడ్డు ముందు నిలబడింది.

లారీ, మేస్త్రి అక్కా అని పిలిచే ఒకావిడది. తండ్రి తర్వాత తనే నడుపుతోంది. పోయినసారి ఇంజన్ విప్పినప్పుడు మేస్త్రి, వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్టు కొత్తదే వేశాడు. దాని మీద నడిచే టాపెట్లు మాత్రం చూడటానికి బాగానే ఉన్నాయి కదా అని పాతవే పెట్టేశాడు. పాత షాఫ్టుతో కలిసి అరిగిన ఆ టాపెట్లు కొత్తదాన్ని కొరుక్కు తినేశాయి. నిండు లోడుతో ఎత్తురోడ్డు మధ్యలో లారీ చతికిలపడింది. టైరు వెనక రాయి పెట్టి అక్క సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఇంకోసారి ఆగిందంటే లారీ పాత ఇనుములోకి పోతుంది, ఆమె ఎవరి బండికో డ్రైవరవుతుంది.

అయినా ఆమె మరో షెడ్డుకు పోలేదు. ఎందుకో మేస్త్రికి అర్థం కాలేదు.

విడిభాగాల కొట్టు నడిపే మేనమామ రెండు షాఫ్టులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోదీ వాడనిదే కానీ, దానికి పాత గ్రీజు నల్లగా అట్టకట్టింది.

"మెరిసేది తీసుకో అల్లుడూ. కళ్ళు మూసుకుని వేసెయ్."

"పోయినసారి మూసుకునే వేశాను మామయ్యా. ఈసారి తెరుచుకోనీ."

ఇంజన్లోంచి తీసిన షాఫ్టును పక్కన పెట్టుకుని మేస్త్రి పొడవు చూశాడు, గేరు పళ్ళు లెక్కపెట్టాడు. రెండూ సరిపోయాయి. తర్వాత బొటనవేలితో అంగుళం అంగుళం తడమడం మొదలుపెట్టాడు.

"మీ అత్త మొహం కూడా నేనింతసేపు చూడలేదురా," అన్నాడు మామయ్య ఆవలిస్తూ.

నడిమి బేరింగు దగ్గర వేలు ఆగింది. తీసిన షాఫ్టుకు అక్కడ నూనె పారే సన్నటి గాడి ఉంది. మెరిసేదానికి లేదు. గ్రీజు తుడిస్తే నల్లదానికి ఉంది.

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి నాలిక్కరుచుకున్నాడు. "వేరే ఇంజన్‌దిరా ఇది! వేసుంటే?"

"ఇంజన్ పైభాగానికి నూనె అందేది కాదు. బండి మళ్ళీ దారిలోనే ఆగిపోయేది."

"మరి నన్ను తిట్టవేం?"

"రెండు తెచ్చావుగా. ఒక్కటే తెచ్చుంటే నా గతేంటి మామయ్యా?"

నల్ల షాఫ్టు కడిగి, కొత్త గ్రీజు పూసి, ఈసారి టాపెట్లన్నీ కొత్తవి వేశాడు. బిగింపు పూర్తయ్యాక అక్క క్యాబిన్‌లో కూర్చుని, కొత్త షాఫ్టూ టాపెట్లూ ఒకదానికొకటి సర్దుకునేలా ఇరవై నిమిషాలు ఇంజన్ వేగం తగ్గకుండా కాలు అదిమి పట్టింది. కింద మేస్త్రి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించుకుని విన్నాడు. ఎక్కడా తేడా లేదు.

"అక్కా, మళ్ళీ నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

"బండి ఆగింది పాత టాపెట్లు పెట్టినందుకేనని నువ్వే చెప్పావు. చెప్పకపోతే నాకేం తెలుసు? రోడ్డును తిట్టుకునేదాన్ని. ఎక్కు, లోడుతో చూద్దాం."

లోడెత్తుకుని అదే ఎత్తురోడ్డు ఎక్కుతున్నారు. సగం దూరంలో, రోడ్డు అంచున ఆ రాయి ఇంకా అలాగే ఉంది.

"ఒక్క నిమిషం ఆపక్కా. ఆ రాయి అవతల పారేస్తాను."

"ఎత్తు మీద బండి ఆపమంటావేంటి తమ్ముడూ? అసలు మెకానిక్‌వేనా నువ్వు?"

ఆమె కాలు తియ్యలేదు. రాయి వెనక్కి పోయింది. నిదానం మేస్త్రి నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చేతి గ్రీజంతా మొహానికి అంటుకుంది.