నల్ల మెట్ల మీద మూడు నెలలు

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అయినా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో జరిగిన తప్పులో సగం ఆ కోపానిదే. మిగతా సగం నాకు అన్నీ తెలుసన్న నమ్మకానిది.

మా బావ నాకు మేనత్త కొడుకు, భర్త. విజయనగరం చుట్టుపక్కల పెళ్ళి రిసెప్షన్లలో ఇరవై ఏళ్ళు కీబోర్డు వాయించాడు. భోగాపురం రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్ళు లేచాక, ముహూర్తాలున్న నెలలో సగం రోజులు అటే ఉండేవాడు. పోయిన శ్రావణంలో ఒక పొద్దున్న పెరట్లో పళ్ళు తోముకుంటూ బ్రష్ జారవిడిచాడు. వంగి తీసుకోలేకపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఇరవై రోజుల తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. కుడి కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు, కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పింది అర్థమవుతుంది, రాసింది చూస్తే తెలుస్తుంది, తను ఏదైనా చెప్పబోతే మాత్రం "ఆ... ఆ..." అంటాడు, ఎడమ చేత్తో రాయబోతే గీతలే వస్తాయి. ఒకప్పుడు మైకు దొరికితే వదలని మనిషి.

మాట నేర్పడానికి ఒక స్పీచ్ థెరపీ మేడమ్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. "మాట రానివాళ్ళు కూడా ఒక్కోసారి పాట అందుకుంటారండి," అంది. "ఆయన నోట్లో బాగా నానిన పాట ఏదైనా ఉంటే రోజూ పక్కన కూర్చుని ఎత్తుకోండి. ఆలస్యం మాత్రం చెయ్యకండి. మొదటి నెలల్లో వచ్చినంతగా తర్వాత రాదు."

నోట్లో నానిన పాట ఉంది. సినిమా పాట కాదు, ఎవరో కుర్రవాడు పియానో ఒక్కటే పెట్టుకుని సొంతంగా పాడి ఫోన్లలోకి వదిలిన పాట. భోగాపురంలో ఒక పెళ్ళికూతురు తన రిసెప్షన్‌కి అదే కావాలని అడిగిందట. జబ్బు పడడానికి ముందు పది రోజులు బావ ఆ పియానోని చెవితో పట్టే పనిలోనే ఉన్నాడు. లేచింది మొదలు ఆ మొదటి లైనే కూనిరాగం. "ఆ పాట తప్ప ఇంకేటీ లేదేటి లోకంలో?" అని కసిరేదాన్ని. "ఒసే, దీనికి పియానోయే పేణం. ఆ పియానో అయ్యాక గొంతొస్తాది, సూడు, ఒళ్ళు జలదరిస్తాది," అనేవాడు. ఆ రిసెప్షన్‌కి వెళ్ళనే లేదు.

ముందు ఫోన్లో ఆ పాట పెట్టాను. బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మర్నాడూ అంతే. వారం చూసి విసుగొచ్చి మానేశాను. ఒక ఆదివారం కీబోర్డు మీద దుమ్ము దులుపుతుంటే, దాని స్విచ్ వేసి ఉన్నట్టు నాకు తెలీదు, గుడ్డ తగిలి నాలుగు మెట్లు గణగణమన్నాయి. బావ మంచం మీంచి చటుక్కున తిరిగి చూశాడు. ఇంటికొచ్చాక అంత గబుక్కున తల తిప్పడం అదే మొదటిసారి. ఆ పియానో నేనే నేర్చుకుంటానని అప్పుడే అనుకున్నాను. అది అయ్యాక గొంతు రావలసిన చోట బావ గొంతు వస్తుందని ఆశ.

నాకు బొత్తిగా రాదని కాదు. పాతపట్నంలో మా బాప్టిస్టు చర్చి సండేస్కూల్లో ఆరేళ్ళు హార్మోనియం నేర్చుకున్నాను. మా మాస్టారు తప్పు మెట్టు నొక్కితే వేలి కణుపు మీద స్కేలుతో కొట్టేవారు. దెబ్బలకి భయపడి నల్ల మెట్లు, తెల్ల మెట్లు అన్నీ వచ్చాయి. గొప్ప విద్వత్తేం కాదు గానీ నాకున్న గర్వానికి అది చాలు.

బావ నోటుబుక్కులో ఒక పేజీ నిండా ఆ పాట పియానో రాసి ఉంది. ఆయన అలవాటు ప్రకారం మెట్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, కింద ఎడమ చేతికి వేరే వరస. సగం పని అయిపోయిందనుకున్నాను. ఫోన్లో పాట పెట్టి, దానితోపాటు ఆ పేజీలో ఉన్నట్టే వాయించాను. ఘోరంగా ఉంది. పాట ఒక దారి, ఆ పేజీ ఒక దారి. ఒక్క మెట్టు కలిస్తే ఒట్టు. ఇంకోసారి చూశాను, అంతే.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. అంటే జబ్బు పది రోజుల ముందే మొదలైందన్నమాట, చెవి అప్పటికే తప్పిందన్నమాట, పక్కనే ఉండి నేను కనిపెట్టలేకపోయాను అనుకున్నాను. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే వెంటనే కోపం వస్తుంది. నేను ఒక కాలేజీ ఆఫీసులో క్లర్కుని, బ్యాగులో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటుంది. అది తీసి పేజీ పైనుంచి కిందదాకా అడ్డంగా కొట్టేశాను. బావ పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఎడమ చేత్తో బల్ల మీద దబదబా బాదాడు.

"తప్పు రాసీసావు బావా," అన్నాను. "నాను సరిగ్గా రాస్తాను కదా. కంగారు పడకు."

అలా మొదలైంది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, టీ పెట్టి, బావని కుర్చీలో కూర్చోబెట్టి గంటన్నర. చెవితో పట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పాట వేగం సగానికి తగ్గించి, రెండు క్షణాల ముక్క విని, ఆపి, ముందు నోటితో అనుకోవాలి. నోటికి రానిది వేలికి రాదు. పై వరస తొందరగానే దొరికింది. ఎడమ చేతి వరస ఎక్కడో గోడవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. మూడు మెట్లు ఒకేసారి నొక్కిన చోట పైదొకటే తెలిసేది, కిందది కష్టం మీద తెలిసేది, నడిమిది పన్నెండు మెట్లూ ఒక్కొక్కటే పెట్టి చూస్తే గానీ దొరికేది కాదు. దొరికింది రాసుకుని మర్నాడు వింటే అదీ తప్పే. పైగా ఆ పాట నిండా నల్ల మెట్లు. నలభై ఆరేళ్ళ వేళ్ళు, ఆఫీసులో కంప్యూటరు కొట్టి కొట్టి బిగిసిపోయిన వేళ్ళు, సందుల్లో జారిపోయేవి. వారానికి ఒక లైను వచ్చిందంటే గొప్ప.

బావ ఊరుకునేవాడు కాదు. నేను వాయించడం మొదలుపెట్టగానే ఎడమ చెయ్యి చాపి కీబోర్డు మీద బటన్లున్న వైపు చూపించేవాడు. సౌండు మార్చమంటున్నాడనుకుని ఫ్లూటు పెట్టాను, వయొలిన్ పెట్టాను, చర్చి ఆర్గన్ పెట్టాను. తల అడ్డంగా ఊపేవాడు. తనే నొక్కుతానని వంగితే పడిపోతాడని భయపడి కుర్చీ వెనక్కి లాగేశాను. అప్పుడు నాలుగు వేళ్ళు ఎత్తి చూపించేవాడు. నాలుగు గంటల మాత్ర వెయ్యలేదేమోనని డబ్బా తెరిచి చూసేదాన్ని. పగలు తోడుండే పక్కింటామె అప్పటికే వేసేసి ఉండేది. నాలుగు బిస్కెట్లు తెచ్చిచ్చాను ఒకసారి. పళ్ళెం తోసేశాడు. "వాయిస్తే ఒక గొడవ, వాయించకపోతే ఒక గొడవ. నాను మనిసిని కానా?" అని అరిచాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మూడు నెలలు అలాగే గడిచాయి.

మా చర్చి పాస్టరమ్మగారు అప్పుడప్పుడు ప్రార్థన చెయ్యడానికి వస్తారు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు ఆవిడే వాయిస్తారు. ఆ రోజు ప్రార్థన అయ్యాక నా రాత చూసి, కీబోర్డు ముందు కూర్చుని అడిగారు.

"ఏటమ్మా, నల్ల మెట్ల మీద సచ్చిపోతన్నావు? తమ్ముడు ఈ పాటకి ట్రాన్స్‌పోజు ఎంత పెట్టీవోడు?"

అదేమిటో నాకు తెలీదన్నాను.

"మనోలంతా తెల్ల మెట్ల మీదే వాయిస్తారు కదమ్మా. శ్రుతి మారితే ఈ బటను నొక్కీడమే. 'సి' నొక్కితే 'ఇ' పలుకుతాది, ఒక నొక్కుకి ఒక మెట్టు పైకి, నీకెంత కావాలంటే అంత. స్విచ్ ఆపీస్తే మళ్ళీ సున్నాకొచ్చీస్తాది, రోజూ పెట్టుకోవాల. నానూ అంతే. నల్లవి నాకెక్కడొచ్చు?"

వెనక్కి తిరిగి చూశాను. బావ కుర్చీలో కూర్చుని నాలుగు వేళ్ళు ఎత్తి పట్టుకున్నాడు.

పాస్టరమ్మగారు బటను నాలుగుసార్లు నొక్కారు. నేను నోటుబుక్కులో ఎర్ర గీత కింద ఉన్న బావ రాత తీసి మొదటి లైను వాయించాను. పాట వచ్చింది. రెండో లైను, మూడో లైను. పేజీ చివరిదాకా ఒక్క అక్షరం తప్పు లేదు. అసలు మొదటిరోజు ఫోను ఆపేసి ఆ పేజీ ఒక్కటే ఒంటరిగా వాయించి ఉంటే, శ్రుతి తక్కువైనా అది ఆ పాటేనని చిన్నపిల్లలకైనా తెలిసేది. నేను ఫోనుతో పోటీ పెట్టి వాయించాను. హార్మోనియానికి బటన్లుండవు, నా చదువు అక్కడితో ఆగింది.

ఆవిడని గుమ్మందాకా సాగనంపి వచ్చాను. నన్ను తినేసింది బటను సంగతి కాదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఏ మెట్ల మీద వాయిస్తాడో నాకు తెలీదు. ఇంట్లో వాయిస్తే నాకు తలనొప్పి అని నేనే హెడ్‌ఫోన్లు కొనిచ్చాను. వెనకగదిలో చెవులు మూసుకుని ఆయన సాధన చేసుకునేవాడు, నేను ముందుగదిలో టీవీ చూసేదాన్ని. రిసెప్షన్లకి రమ్మంటే ఆ మైకుల గోల నాకెందుకనేదాన్ని. ఆయన చేతులు వాయిస్తుండగా పట్టుమని పది నిమిషాలు చూసి ఉంటే చాలు. పైగా ఆయన ఎదురుగానే ఆయన రాత కొట్టేశాను. కాదని చెప్పడానికి ఆయనకి నోరు లేదు. ఆ సాయంత్రం "తప్పు నాదే బావా" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. ఆ తర్వాత ఆయన ఎడమ చెయ్యి ఎత్తి దేన్నీ చూపించలేదు.

బావ రాయకుండా మిగిలిన భాగం కూడా కలుపుకుని మొత్తం నాలుగు రోజుల్లో వచ్చేసింది. మూడు నెలలు దొరకనిది నాలుగు రోజుల్లో. మేడమ్ చెప్పిన మొదటి నెలలు అప్పటికి దాటిపోయాయి. అయినా శనివారం సాయంత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, బటను నాలుగుసార్లు నొక్కి వాయించాను. నా జీవితంలో అంత బాగా ఏదీ వాయించలేదు. గొంతు రావలసిన చోట ఆగి ఆయన మొహంలోకి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ మొదటినుంచి వాయించాను. ఆగాను. మళ్ళీ. ఐదోసారో ఆరోసారో నాకు కోపం వచ్చేసింది.

"అను బావా. ఒక్క మాట. నువ్వు పది రోజులు సంపుకు తిన్న లైనే కదా. నాకోసం అను." గట్టిగానే అరిచాను. అరుస్తూనే మళ్ళీ మొదలుపెట్టాను.

బావ ఎడమ చెయ్యి తీసి మెట్ల మీదున్న నా రెండు చేతుల మీదా పెట్టి, అదిమి పట్టాడు. నా కళ్ళలోకి చూశాడు. పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి.

"సాలు," అన్నాడు.

స్పష్టంగా అన్నాడు. అని, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఐదు నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

కీబోర్డు ఆపేసి మేడమ్‌కి ఫోన్ చేశాను. మాట వచ్చిందని చెబితే ఆ పిల్ల ఎంత సంతోషించిందో. ఏం మాటండీ అని అడిగింది. బావ పక్కనే ఉన్నాడు, వింటున్నాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడని చెప్పాను.