మా అరుగు మీద దేశసేవ

మొన్న గురువారం పొద్దున్నే ఖద్దరు చొక్కా వేసుకున్న కుర్రవాడొకడు వచ్చి మా వీధి అరుగును ఆ చివరినుంచి ఈ చివరిదాకా జానలు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. ఏంటి సంగతని అడిగితే, "మామ్మగారూ, స్వదేశీ రోజుల్లో పెద్దలంతా ఈ అరుగు మీదే కూర్చుని ఉద్యమం నడిపారటండి. ఆదివారం సాయంత్రం ఇక్కడ పాలరాతి పలక పెడుతున్నామండి. మీరు నాలుగు మంచి మాటలు చెబితే రాసుకుంటాను" అన్నాడు. నాలుగు మంచి మాటలు నా దగ్గర లేవు నాయనా అన్నాను. మర్యాదకి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రాజమండ్రిలో మా ఇల్లు గోదావరి గట్టుకు కూతవేటు దూరం. అప్పట్లో ముందు భాగంలో మావగారి బట్టల కొట్టు, వెనక మా కాపురం. నలుగురి నోట్లోకి అన్నం ఆ కొట్టులోంచే రావాలి. నేను కాపురానికి వచ్చేనాటికి అందులో ఉన్నవన్నీ ఇంగ్లండు మిల్లుల సీమగుడ్డలే. ఊళ్ళో సీమగుడ్డ అమ్మని కొట్టంటూ ఉంటేగా! కొట్టు ముందు పొడుగ్గా, ఎత్తుగా ఈ అరుగు. సాయంత్రమయ్యేసరికి గట్టు మీది గాలి తిన్నగా వచ్చి దీని మీదే వాలుతుంది. మా కొంప మీదికి తెచ్చింది ఆ గాలే.

కోర్టు వదిలాక ప్లీడరుగారు, ఆయన వెంట మరికొందరు పెద్దమనుషులు గట్టు మీద షికారు చేసి, ఒంటికి గాలి పట్టించుకుని, అప్పుడు దేశం గుర్తొచ్చి మా అరుగెక్కేవారు. ప్లీడరుగారి పేరు నేను చెప్పను. పలక మీద ఎలాగూ చెక్కుతారు. ఒక మూల చదరంగం పరిచేవారు, ఇంకో మూల తాంబూలం పళ్ళెం. ఎవరైనా ఆడకూతురు చీర కొనడానికి మెట్టెక్కబోతే, ప్లీడరుగారు ఎత్తిన గుర్రాన్ని ఎత్తినట్టే పట్టుకుని, "అమ్మా, సీమగుడ్డ కొనకండమ్మా, మన నేతగాళ్ళ నోరు కొట్టకండి" అనేవారు. అంతమంది మగవాళ్ళ చూపుల మధ్య ఏ ఆడది నిలబడుతుంది? కొంగు సర్దుకుని వెనక్కి తిరిగేది. ఆయన గుర్రాన్ని దించి ఆట సాగించేవారు. ఊళ్ళో నాటకం ఉన్ననాడు ఉద్యమం ఉండేది కాదు. వాన పడినా ఉండేది కాదు.

మా వెనక సందులో ఇంకో బట్టల కొట్టు ఉండేది. అక్కడ సీమగుడ్డలు మాకంటే ఎక్కువే. దాని జోలికి మాత్రం ఒక్కరూ వెళ్ళలేదు. ఆ కొట్టుకు అరుగు లేదు, పైగా సాయంత్రమంతా పడమటెండ మొహాన కొట్టేది. మావగారు ఉండబట్టలేక ఒకనాడు అడిగారు. "అక్కడ కూర్చోడానికి చోటెక్కడుందండి సెట్టిగారూ?" అన్నారు ప్లీడరుగారు. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నారు.

మా అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. అరుగెక్కినవాళ్ళు ఎవరైనా సరే, గొంతు తడపకుండా పంపకూడదు. అల్లం దంచి వేసి, దబ్బాకు నలిపి వేసిన చల్ల రోజూ ఒక పెద్ద గిన్నెడు బయటికి వెళ్ళేది. కవ్వం తాడు లాగిన చేతులు నావి. మన కొట్టు మూయించడానికి వచ్చినవాళ్ళకి మనమే చల్ల పోయడమేంటి అత్తయ్యా అంటే, "వాళ్ళ బుద్ధి వాళ్ళది. అరుగు మనది" అనేవారు. ప్లీడరుగారు ఆ చల్లయినా ఊరికే తాగితేనా! "వైశ్యులింట పుచ్చుకుంటున్నాం, ఇదీ ఒక సంస్కరణేనండీ" అని గ్లాసు పైకెత్తి, అందరికీ చూపించి మరీ తాగేవారు. తలుపు చాటున నిలబడి నేను పళ్ళు నూరుకునేదాన్ని. ఇప్పటికీ దబ్బాకు వాసన తగిలితే నాకు ఒళ్ళు మండుతుంది.

మావగారు మాట మీద నిలబడే మనిషి. రోజూ వినగా వినగా ఆయనకు నిజంగానే నమ్మకం కుదిరింది. చెప్పేవాళ్ళకి కాలక్షేపమైనది విన్నవాడికి దీక్ష అయింది. కార్తీకంలో ప్లీడరుగారి బృందం గోదావరి మధ్య లంకలో వనభోజనాలు పెట్టుకుంటే, మావగారు కొట్టులో ఉన్న సరుకంతా మూటలు కట్టి పడవెక్కించారు. అత్తగారు వద్దనలేదు. వద్దంటే వినే మనిషి కాదని ఆవిడకి తెలుసు. ఇసకలో ఒక పొయ్యి మీద కందబచ్చలి, ఇంకో పొయ్యి మీద పులిహోరకి అన్నం, కాస్త ఎడంగా మా కొట్టు. మావగారు గోదావరి నీళ్ళు దోసిట పట్టి, బతికుండగా సీమగుడ్డ అమ్మను, కట్టను అని ప్రమాణం చేసి, తన చేత్తోనే నిప్పు పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లీడరుగారు ఉపన్యాసం ఎత్తుకున్నారు గాని, వడ్డన అనగానే సగంలో ఆపేశారు. అత్తగారు విస్తరి ముందు కూర్చోలేదు. మంట ఆరేదాకా అటే చూస్తూ నిలబడ్డారు. పొగ విస్తళ్ళ మీదికి వస్తోందని ఎవరో విసుక్కున్నారు.

ఆ తరవాత మావగారు ఊరూరా తిరిగి నేతగాళ్ళ దగ్గర ముతక పంచెలూ చీరలూ తెచ్చి కొట్టు నింపారు. ఇక మా అరుగు మీద పోరాడ్డానికి ఏమీ లేకపోయింది కనక పెద్దమనుషులు రావడం మానేశారు. కొనడానికైనా రావాలి కదా? ఒక్కరూ రాలేదు. ఎండలు ముదిరాక ఒకనాడు మావగారు వెనక సందులో పోతుంటే, ఆ కొట్టులోంచి ప్లీడరుగారు గ్లాస్గో సీమ పంచెల చాపు చంకన పెట్టుకుని దిగుతూ ఎదురయ్యారు. ఏమాత్రం తడుముకోలేదు. "ఏం చెయ్యమంటారండి సెట్టిగారూ, ముతక నా ఒంటికి పడ్డం లేదు" అన్నారట. మావగారు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి మంచినీళ్ళడిగారు. ఆ వేసవిలోనే కొట్టు మూసేశాం. సందు కొట్టువాళ్ళు గుమాస్తాగా రమ్మన్నారు. సీమగుడ్డ ముట్టనని, ఆయన ధాన్యం కొట్లో కాటా దగ్గర నిలబడ్డారు. పోయేదాకా ఆ ముతక పంచెలే కట్టారు.

మూసిన కొట్టు ముందు గాలి మాత్రం మూతపడలేదు. ఒక సాయంత్రం ప్లీడరుగారు చదరంగం పట్టుకుని మళ్ళీ వచ్చారు. చతికిలబడి, "అమ్మా, చల్లేమన్నా ఉందా?" అని లోపలికి కేకేశారు. నేను లేవలేదు. అత్తగారే లేచి చల్ల కలిపి పంపారు. పట్టింపు పట్టింపే. మర్నాడు కోర్టు వదిలే వేళకి ఆవిడ బిందెడు నీళ్ళు తెచ్చి అరుగంతా పారబోశారు. ప్లీడరుగారు వచ్చి, గ్లాస్గో పంచె కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, "ఏంటమ్మా, ఈ వేళప్పుడు కడుగుతున్నారు?" అన్నారు.

"మురికిగా ఉందండి" అన్నారు అత్తగారు.

ఆ మర్నాడూ కడిగారు, ఆ పై రోజూ కడిగారు. ఎక్కినవాడికి చల్ల పోయక తప్పదు కనక, ఎవరూ ఎక్కకుండా చూసుకున్నారు. ఆవిడ పోతూ పోతూ ఆ పని నాకప్పగించారు. నేను ఒక్క సాయంత్రమూ మానలేదు.

ఇదంతా చెబుతుంటే కుర్రవాడు ఒక్క ముక్కా రాసుకోలేదు. పొద్దుటి పూట కనక అరుగు పొడిగానే ఉంది, దాని మీద కూర్చుని నేనిచ్చిన చల్ల తాగి, ఆదివారం తప్పకుండా దండ వెయ్యడానికి రావాలండి అని చెప్పి వెళ్ళాడు. ఆదివారం కోర్టు లేకపోయినా ఆ వేళకు నా బిందె ఆగదు. పలక తడి అరుగుకే అతికించుకుంటారు, ఉపన్యాసాలు వీధిలో నిలబడి చెప్పుకుంటారు. ఎన్నాళ్ళని తడుపుతాను? నేను పోయిన మర్నాడే అరుగు ఆరుతుంది, ఆరిన చోట కాలం ఎవరో ఒకరిని తెచ్చి కూర్చోబెడుతుంది.