వెంకట్రాజు గట్టెక్కని నెల

గుండుగొలను దాటి కొల్లేటి వైపు వెళ్తే వెంకట్రాజు చేపల చెరువు వస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు మీద ఆయన ఇష్టంగా చేసిన పని ఒక్కటే, పిట్టల్ని తోలడం. తలకు ఎర్ర తువ్వాలు చుట్టి, మెడలో పాత నూనె డబ్బా వేలాడేసుకుని, కర్రతో బాదుకుంటూ తిరిగేవాడు. నీటికాకులు చేపపిల్లల్ని మింగుతాయి, బాతులు మేతకు వేసిన తౌడు తింటాయి. రెక్కలున్నదేదైనా ఆయన లెక్కలో దొంగే. రాను రాను రేవు దగ్గర ఎర్ర తువ్వాలు కనబడితే చాలు, డబ్బా మోగకముందే పిట్టలు లేచిపోయేవి. చుట్టుపక్కల ఇంకెవరికీ అవి అంత భయపడవని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. ఆ గొప్ప మాత్రం ఉత్తది కాదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలవలు ముందే కట్టేశారు. పుష్యం దాటేసరికి కొల్లేరు నెర్రెలిచ్చింది. బోరు పుణ్యమా అని వెంకట్రాజు చెరువులో మోకాటి లోతు నీళ్ళు మిగిలాయి. ఉత్తరాది చలికి తట్టుకోలేక ఏటా వచ్చే సూదితోక బాతులు సరస్సంతా వెతికి వెతికి, చివరికి ఆ చెరువులోనే దిగాయి. వందల్లో ఉన్నాయి. ఆయన డబ్బా అందుకున్నాడు.

పక్షుల్ని లెక్కపెట్టడానికి వట్లూరు కాలేజీ నుంచి వచ్చిన గీతాంజలి అనే పిల్ల ఆయనకు అడ్డుపడింది.

"బాబాయి గారండీ, ఇవి చేపల జోలికి రావండి. లేపినప్పుడల్లా ఒంట్లో కొవ్వు కరిగిపోద్దండి. ఆ కొవ్వుతోనే కదండీ తిరిగి హిమాలయాలు దాటాలి."

"అయితే నా తౌడు పెట్టి మేపమంటావా అమ్మా?" అని నవ్వి, డబ్బా మీద రెండు వేశాడు వెంకట్రాజు.

వారం తిరిగేసరికి తూము దగ్గర ఒక బాతు చచ్చి తేలింది. విసిరేద్దామని తీశాడు. కోళ్ళు పెంచిన చెయ్యి కదా, అలవాటుగా రొమ్ము తడిమింది. నడిమి ఎముక కత్తిలా తగిలింది. దానికి అటూ ఇటూ పిసరంత కండ లేదు. అది జబ్బుతో పోలేదు, తన డబ్బాతో పోయింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే డబ్బా ఇంట్లో వదిలేసి, బుట్టెడు ధాన్యంతో రేవులోకి దిగాడు. పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాడు పాపం. బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. గబగబా తువ్వాలు లాగేశాడు. ఆ నడక కూడా వాటికి తెలుసు. దిగడానికి ఇంకెక్కడా నీళ్ళు లేవు. ఎండిన కొల్లేటి మీద తిరిగి తిరిగి, సత్తువ లేనివి నెర్రెల్లో కూలిపోయాయి. వెంకట్రాజు గట్టు మీద చతికిలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు.

భార్య తులసి వచ్చి ఆయన చేతిలోంచి బుట్ట తీసుకుంది.

"మీరు రాకండి. గట్టు కింద షెడ్డులో కూర్చోండి. నేను చల్లుతాను."

తిరిగొచ్చిన బాతులు ఆమెను చూసి కాస్త పక్కకు జరిగాయి, అంతే. ఆ నెలంతా చెరువు ఆసామి తన గట్టు తానే ఎక్కకుండా, షెడ్డు తడిక సందులోంచి చూస్తూ గడిపాడు. దగ్గడానికైనా భయపడ్డాడు.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం గుంపు లేచి ఉత్తరానికి మళ్ళింది.

"వెళ్ళిపోయాయండి. ఇక రావచ్చు మీరు," అంది తులసి.

వెంకట్రాజు గట్టెక్కాడు. అన్నీ వెళ్ళలేదు. తూము దగ్గర ఇరవై దాకా మిగిలాయి. ఆయన్ని చూడగానే లేవబోయి, లేవలేక, నీళ్ళ మీదే రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. వెంకట్రాజు చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, షెడ్డులోకి వెళ్ళి తడిక వేసుకున్నాడు.